తర్వాతి అక్షరం ఎక్కడ పడుతుంది? కీబోర్డ్ ఫోకస్ సంగతులు

హోల్‌సేల్ షాపులో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేసే అకౌంటెంట్ పక్కన పది నిమిషాలు కూర్చుంటే ఒక సంగతి తెలుస్తుంది. ఆ మనిషి కళ్ళు స్క్రీన్ మీద కన్నా పక్కన పెట్టుకున్న బిల్లుల కట్ట మీదే ఎక్కువసేపు ఉంటాయి. ఎఫ్8 కొట్టి సేల్స్ వోచర్ తెరవడం, పార్టీ పేరులో రెండు మూడు అక్షరాలు, ఎంటర్, సరుకు, ఎంటర్, ఎంత, ఎంటర్, రేటు, ఎంటర్, చివర్లో కంట్రోల్ ఏ, అంతే, ఇంకో బిల్లు. మౌస్ పక్కనే ఉంటుంది కానీ దాని మీద చెయ్యి పడదు. అదే మనిషి ఏదో వెబ్‌సైట్‌లో నలభై గడుల ఫారం నింపడానికి కూర్చుంటే చెయ్యి మాటిమాటికీ మౌస్ వైపు పోతుంది, ఒక గడిలో పడాల్సిన అంకె ఇంకో గడిలో పడుతుంది, విసుగొస్తుంది. మనిషీ అదే, కీబోర్డూ అదే. ఇప్పుడు కొట్టబోయే అక్షరం ఎక్కడ పడుతుందో చూడకుండానే తెలియడం మొదటి చోట ఉంది, రెండో చోట లేదు. ఆ "ఎక్కడ" అన్నదానికే ఫోకస్ అని పేరు.

తెర మీద ఎన్ని విండోలున్నా, వాటిలో ఎన్ని గడులూ బటన్లూ ఉన్నా కీబోర్డ్ మాత్రం ఒక్కటే. మౌస్‌తో ఈ చిక్కు రాదు, బాణం ఎక్కడుంటే క్లిక్ అక్కడికే పోతుంది. కీ నొక్కినప్పుడు ఫలానా కీ నొక్కారన్న కబురు ఒక్కటే కంప్యూటర్‌కి అందుతుంది, అది ఎవరి కోసమో అందులో ఉండదు. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక విండోని ముందున్న విండోగా గుర్తుపెట్టుకుంటుంది, ఆ విండోలో ఒక కంట్రోల్‌ని, అంటే ఒక గడినో బటన్‌నో, ఫోకస్ ఉన్నదిగా గుర్తుపెట్టుకుంటుంది. ఏ క్షణంలో చూసినా ఒక్కటే. విండోస్‌లో ఫోకస్ మారినప్పుడల్లా వదులుకుంటున్న కంట్రోల్‌కి కిల్‌ఫోకస్ అనీ, తీసుకుంటున్న కంట్రోల్‌కి సెట్‌ఫోకస్ అనీ మెసేజ్‌లు వెళ్తాయి. జావా, క్యూట్ (Qt) లాంటి ప్రోగ్రామింగ్ సాధనాల్లో, బ్రౌజర్లలో పేర్లు వేరు కానీ పని ఇదే.

ట్యాబ్ కొడితే ఫోకస్ ఎటు పోవాలన్నది దీని తర్వాతి ప్రశ్న. విజువల్ బేసిక్‌లోనూ, డాట్‌నెట్ విండోస్ ఫారాల్లోనూ ప్రతి కంట్రోల్‌కీ ట్యాబ్‌ఇండెక్స్ అనే అంకె ఉంటుంది, ఆ అంకెల వరసలో ఫోకస్ నడుస్తుంది. ఫారం గీసేటప్పుడు కంట్రోల్స్ ఏ వరసలో పెడితే అంకెలు ఆ వరసలోనే పడతాయి కాబట్టి మొదటి రోజు అంతా బాగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత కస్టమర్ అడిగాడని ఊరికీ ఫోన్ నంబర్‌కీ మధ్య పిన్‌కోడ్ గడి ఒకటి ఇరికిస్తారు. కంటికి అది మధ్యలోనే ఉంటుంది, ట్యాబ్‌ఇండెక్స్ మాత్రం అన్నిటికన్నా చివరిది. ఊరు కొట్టి ట్యాబ్ నొక్కి చూడకుండా పిన్‌కోడ్ కొట్టేసిన మనిషికి ఆ ఆరంకెలూ ఫోన్ నంబర్ గడిలో కనిపిస్తాయి. ఎర్రర్ ఏమీ రాదు. డేటా తప్పుగా పడిపోతుంది, అంతే. ఫోకస్ తప్పుల్లో చాలావరకు ఇలా చప్పుడు చెయ్యనివే, అందుకే టెస్టింగ్‌లో దొరకవు.

వెబ్ పేజీల్లో వరస హెచ్‌టీఎంఎల్‌లో రాసిన క్రమాన్ని బట్టి వస్తుంది. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌తో గడుల్ని కుడి నుంచి ఎడమకి తిప్పినా, కింద ఉన్నదాన్ని పైకి తెచ్చినా ట్యాబ్ పాత దారిలోనే పోతుంది. దాన్ని సరిచెయ్యడానికి కొందరు ట్యాబ్‌ఇండెక్స్‌కి 1, 2, 3 అని అంకెలిస్తారు. 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01 ఈ అంకె 32767 దాకా ఉండొచ్చని ఒప్పుకుంది కూడా. కానీ బ్రౌజర్ ముందు ఈ అంకెలున్నవాటినన్నిటినీ తిరిగి, ఆ తర్వాతే మిగతావాటి దగ్గరికి వస్తుంది కాబట్టి ఒక్క గడికి 1 అని ఇచ్చినా పేజీ మొత్తం వరస తారుమారవుతుంది. సున్నా అంటే రాసిన క్రమంలోనే దీన్నీ కలుపుకో అని, మైనస్ ఒకటి అంటే ట్యాబ్‌కి అందనవసరం లేదు, ప్రోగ్రామ్ కావాలంటే ఫోకస్ ఇస్తుంది అని. ఈ రెండూ తప్ప మిగతా అంకెల జోలికి పోకపోవడమే మంచిది.

ఇక అసలు గొడవ ఎంటర్ దగ్గర ఉంది. మన దగ్గర చిన్న వ్యాపారాలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవాళ్ళకి బాగా పరిచయమైన కోరిక ఒకటుంది: "ఎంటర్ కొడితే కింద గడిలోకి పోవాలి." ప్రోగ్రామర్‌కి ఇది చాదస్తంలా అనిపిస్తుంది, ట్యాబ్ ఉంది కదా అంటాడు. చాదస్తం ఏమీ లేదు, దాని వెనక పెద్ద అలవాటు ఉంది. డాస్ రోజుల్లో డీబేస్, క్లిప్పర్, ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాధనాల్లో రాసిన ఫారాలన్నిటిలో గెట్ అనే కమాండ్‌తో గడులు పెట్టి రీడ్ అంటే, ఎంటర్ కొట్టగానే తర్వాతి గడి వచ్చేది. సెట్ కన్ఫర్మ్ అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటే ఎంటర్ కూడా అక్కర్లేదు, గడి నిండితే కర్సర్ దానంతటదే ముందుకి పోయేది. అంకెలు ఎక్కువ కొట్టేవాళ్ళకి ఇంకో సుఖం, కీబోర్డ్ కుడివైపు అంకెల మీట్ల పక్కనే ఎంటర్ ఉంటుంది. కుడిచెయ్యి ఆ చోటు వదలకుండా గడి మీద గడి దాటేస్తుంది. ట్యాబ్ ఎడమ చివర ఉంటుంది, ఆ ఎడమచెయ్యి అప్పుడు బిల్లు తిప్పుతూ ఉంటుంది.

మరి విండోస్ ఎంటర్‌ని ఓకే బటన్‌కి ఎందుకు కట్టింది? అది ఇంకో వంశం. ఐబీఎం 3270 టెర్మినళ్ళు 1971లో వచ్చాయి. వాటిలో ట్యాబ్‌తో గడి నుంచి గడికి వెళ్ళాలి, ఎంటర్ కొడితే తెర మీద నింపిందంతా ఒకేసారి మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌కి చేరుతుంది. ఎంటర్ అంటే "అయిపోయింది, పంపు" అని అర్థం. 1987లో ఐబీఎం ప్రోగ్రాములన్నీ ఒకేలా నడవాలని కామన్ యూజర్ యాక్సెస్ అనే నియమాలు తెచ్చింది, హెల్ప్‌కి ఎఫ్1 లాంటి అలవాట్లు అక్కడివే. విండోస్ డైలాగుల్లో కూడా ట్యాబ్ అంటే కదలడం, ఎంటర్ అంటే డిఫాల్ట్ బటన్ నొక్కడం అయింది. ఒక వంశంలో ఎంటర్ "ఈ గడి అయింది" అంటుంది, ఇంకో వంశంలో "ఈ ఫారం అయింది" అంటుంది. రెండూ తమ తమ చోట్ల సరైనవే. ఒక వంశంలో చేతులు అలవాటుపడ్డ మనిషిని చెప్పాపెట్టకుండా రెండోదానిలో కూర్చోబెడితేనే సగం నింపిన అప్లికేషన్ సబ్మిట్ అయిపోతుంది.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 (వీబీ 6) తరం ప్రోగ్రామర్లకి దీనికొక చిట్కా కంఠతా వచ్చు. కీప్రెస్ ఈవెంట్‌లో కీ 13, అంటే ఎంటర్, అయితే సెండ్‌కీస్ అనే కమాండ్‌తో ఒక ట్యాబ్ పంపించి, అసలు కీని సున్నా చేసేయడం, లేకపోతే టింగుమని శబ్దం వస్తుంది. పని జరిగిపోయేది. కానీ సెండ్‌కీస్ పంపే ట్యాబ్ ఫలానా ఫారానికే చేరాలని ఏమీ లేదు, ఆ క్షణంలో ఫోకస్ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. మధ్యలో ఒక మెసేజ్ బాక్స్ వచ్చిందంటే ట్యాబ్ దానికి పోతుంది. తర్వాత విండోస్ విస్టా వచ్చినప్పుడు ఈ సెండ్‌కీస్ చాలాచోట్ల పర్మిషన్ డినైడ్ అని ఆగిపోవడం కూడా జరిగింది. చెయ్యాల్సింది వేరే: తర్వాతి కంట్రోల్ ఏదో ఫారాన్నే అడిగి దానికి ఫోకస్ ఇవ్వడం. డాట్‌నెట్‌లో సెలెక్ట్‌నెక్స్ట్‌కంట్రోల్ ఉన్నది దీనికే.

ఈ కోరిక తీర్చేటప్పుడు రెండు మూడు చోట్ల జాగ్రత్త కావాలి. అడ్రస్ గడిలో నాలుగు లైన్లుంటాయి, అక్కడ ఎంటర్ కొత్త లైన్‌కే పోవాలి. సేవ్ బటన్ మీద ఫోకస్ ఉన్నప్పుడు ఎంటర్ కొడితే సేవ్ అవ్వాలి, పక్కనున్న క్యాన్సిల్ మీదికి జరగకూడదు, ఇది మర్చిపోయిన సాఫ్ట్‌వేర్లు నిజంగానే ఉన్నాయి. ఎంటర్‌కి ఏ అర్థం ఇచ్చినా ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్ మాత్రం ఎప్పటిలాగే పనిచెయ్యాలి, ఎందుకంటే రేపు ఆ సీట్లో కూర్చునే మనిషి వేరే అలవాటుతో రావచ్చు.

తెలుగులో టైప్ చేసేవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు మాటలు చూపించే పరికరాల్లో ఒక చిన్న జాబితా వస్తుంది, అందులో కావాల్సిన మాటని స్పేస్‌తోనో ఎంటర్‌తోనో ఎంచుకోవాలి. ఆ ఎంటర్‌ని ఫారం కూడా వినేసి తర్వాతి గడికి దూకితే, లేదా చాట్ పెట్టె మెసేజ్ పంపేస్తే, మాట సగంలో ఉండగానే పని చెడుతుంది. బ్రౌజర్లు ఈ సంగతి ప్రోగ్రామర్‌కి చెబుతాయి, కీ ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ అనే గుర్తు ఉంటుంది, మాట ఇంకా కూర్పులో ఉందని దానర్థం. ఒక్క లైన్ చెక్. జపనీస్, చైనీస్ టైప్ చేసేవాళ్ళు ఈ ఇబ్బంది గురించి గట్టిగా అడిగారు కాబట్టే ఆ గుర్తు ఇవాళ ఉంది. తెలుగువాళ్ళు అడగకపోవడం వల్ల మన పేర్ల గడుల్లో దాన్ని వాడనివాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు.

గడి వదిలేటప్పుడు చెక్ చెయ్యడం అనే అలవాటు కూడా ఫోకస్‌ని బాగా చెడగొట్టింది. తేదీ తప్పుగా ఉంటే, గడి ఫోకస్ కోల్పోయినప్పుడు వచ్చే లాస్ట్‌ఫోకస్ ఈవెంట్‌లో మెసేజ్ బాక్స్ చూపించి, మళ్ళీ అదే గడికి సెట్‌ఫోకస్ చెయ్యడం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లాస్ట్‌ఫోకస్ వచ్చేసరికే పక్క గడికి ఫోకస్ వెళ్ళిపోయి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే పక్క గడి తన లాస్ట్‌ఫోకస్‌లో తనూ చెక్ చేసుకుంటుంది, అది ఖాళీగా ఉంది కాబట్టి తనూ ఒక మెసేజ్ చూపించి ఫోకస్‌ని తన వైపు లాక్కుంటుంది. రెండు గడుల మధ్యా మెసేజ్ బాక్సులు ఆగకుండా వస్తూనే ఉంటాయి, ఆఖరికి టాస్క్ మేనేజర్‌లో ప్రోగ్రామ్‌ని ఆపెయ్యాల్సి వస్తుంది. వీబీ 6లో వాలిడేట్ అనే కొత్త ఈవెంట్, కాజెస్‌వాలిడేషన్ అనే ప్రాపర్టీ పెట్టింది ఈ బాధ తప్పించడానికే: ఫోకస్ కదలకముందే అడుగుతుంది, వద్దంటే అక్కడే ఆగుతుంది. క్యాన్సిల్, హెల్ప్ బటన్లకి కాజెస్‌వాలిడేషన్ తీసెయ్యాలి, లేదంటే తప్పు తేదీ కొట్టినవాళ్ళకి బయటపడే దారే ఉండదు. ఇప్పటి వెబ్ ఫారాలకి ఇంకా మెత్తటి పద్ధతి నప్పుతుంది. తప్పుని గడి పక్కన రాసి చూపించి మనిషిని ముందుకి పోనివ్వాలి, సబ్మిట్ నొక్కినప్పుడు తప్పున్న మొదటి గడికి ఫోకస్ తేవాలి.

ఒకే జాతి కంట్రోల్స్ గుంపుగా ఉన్నచోట ట్యాబ్ ఒక్కసారే ఆగాలి, లోపల బాణం కీలు నడపాలి. ఐదు రేడియో బటన్లుంటే ట్యాబ్ ఐదుసార్లు కొట్టించకూడదు, ఎంచుకున్నదాని మీద ఒకసారి ఆగితే చాలు. విండోస్ డైలాగుల్లో గ్రూప్, ట్యాబ్‌స్టాప్ అనే రెండు గుర్తులతో ఇది మొదటి నుంచీ ఉంది. వెబ్‌లో సొంతంగా మెనూలు, ట్యాబ్ పట్టీలు కట్టేవాళ్ళు ఇదే పని చేత్తో చెయ్యాలి, గుంపులో ఒకదానికే సున్నా, మిగతావాటికి మైనస్ ఒకటి ఇచ్చి, బాణం కొట్టినప్పుడల్లా ఆ సున్నాని పక్కదానికి జరుపుతూ పోవాలి. గ్రిడ్లలో దీనికి ఎదురు సమస్య, ట్యాబ్ సెల్ నుంచి సెల్‌కి తిరుగుతూ బయటికి రానివ్వదు. డాట్‌నెట్ డేటాగ్రిడ్‌వ్యూలో కంట్రోల్ ట్యాబ్ కొడితే బయటికొస్తుంది, కానీ ఆ సంగతి తెర మీద ఎక్కడా రాసి ఉండదు.

ఫోకస్ ఉంటే సరిపోదు, అది కనిపించాలి. విండోస్ 95లో బటన్ మీద చుక్కల గీత ఉండేది. విండోస్ 2000తో, కీబోర్డ్ వాడేదాకా ఆ గీతనీ, మెనూల్లో అక్షరాల కింది గీతల్నీ దాచిపెట్టే పద్ధతి వచ్చింది, తెర శుభ్రంగా కనిపించాలని. వెబ్‌లో దెబ్బ ఇంకా పెద్దది. 2008లో సీఎస్ఎస్ నిపుణుడు ఎరిక్ మేయర్ ఇచ్చిన, బ్రౌజర్ల సొంత స్టైల్స్‌ని చెరిపేసే రీసెట్ స్టైల్‌షీట్‌లో ఫోకస్ అవుట్‌లైన్‌ని, అంటే ఆ చుట్టు గీతని, సున్నా చేసే ఒక లైన్ ఉంది. ఫోకస్ స్టైల్స్ మీరు రాసుకోవడం మర్చిపోకండి అని ఆయన పక్కనే గుర్తుచేశాడు. జనం ఆ లైన్ కాపీ చేసుకున్నారు, గుర్తుచేసిన మాట వదిలేశారు. డిజైనర్లకి కోపం తెప్పించింది మౌస్‌తో క్లిక్ చేసినప్పుడు కూడా బటన్ చుట్టూ ఆ గీత రావడం. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. దానికి సరైన జవాబు ఫోకస్‌విజిబుల్ అనే సెలెక్టర్, కీబోర్డ్‌తో వచ్చినప్పుడే గీత చూపిస్తుంది. 2020లో క్రోమ్ 86, 2021లో ఫైర్‌ఫాక్స్ 85, 2022లో సఫారీ 15.4 దీన్ని తెచ్చేశాయి. అంటే ఇవాళ అవుట్‌లైన్ తీసెయ్యడానికి సాకు ఏమీ మిగల్లేదు. 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2, అంటే వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని చెప్పే నియమాలు, ఇంకో అడుగు వేసింది. ఫోకస్ ఉన్న కంట్రోల్ పైన అతుక్కుని కూర్చునే హెడర్ కింద పూర్తిగా దాక్కోకూడదంటుంది.

మ్యాక్‌లో ఇంకో పద్ధతి. 1984 నాటి మొదటి మ్యాకింటాష్ కీబోర్డ్‌లో బాణం కీలే లేవు, మౌస్ వాడి తీరాలని అలా చేశారు. మ్యాక్‌లో ఇప్పటికీ సెట్టింగ్ మార్చకపోతే ట్యాబ్ రాసే గడుల దగ్గరా జాబితాల దగ్గరా తప్ప బటన్ల దగ్గర ఆగదు. మ్యాక్‌లోనే కట్టి మ్యాక్‌లోనే టెస్ట్ చేసే టీమ్ ఆ సెట్టింగ్ ఆన్ చేసుకోకపోతే సగం తప్పులు వాళ్ళ కంట పడవు.

ఫోకస్ దొంగతనం సంగతి అందరికీ అనుభవమే. ఇక్కడ టైప్ చేస్తుంటే ఎక్కడి నుంచో ఒక డైలాగ్ పైకొస్తుంది, చేతిలో ఉన్న స్పేస్ దాని బటన్ మీద పడుతుంది, దేనికి సరే అన్నారో చదివేలోగా అది మాయమవుతుంది. విండోస్ 98, 2000 కాలం నుంచీ మైక్రోసాఫ్ట్ దీనికి అడ్డుకట్ట వేసింది, మనిషి వేరే విండోలో పనిలో ఉంటే ఇంకో ప్రోగ్రామ్ ముందుకి దూకలేదు, టాస్క్‌బార్‌లో దాని బటన్ మెరుస్తుంది. ఫైర్‌ఫాక్స్ కొన్ని డైలాగుల్లో ఓకే బటన్‌ని సెకను పాటు పనిచెయ్యకుండా ఉంచేది కూడా ఇందుకే, పొరపాటున పడ్డ కీతో ప్రమాదకరమైన ఫైల్ తెరుచుకోకుండా. వెబ్ పేజీ లోపల మాత్రం ఈ కాపలా లేదు. పేజీ తెరిచిన మూడు సెకన్లకి వచ్చే పాప్-అప్ పెట్టెలు సగం కొట్టిన పేరుని మింగేస్తూనే ఉన్నాయి.

ఓటీపీ గడులు మన ఫోన్లలో రోజూ చూసేవే. ఆరంకెలకి ఆరు గడులు, ఒక్కో అంకెకి ఫోకస్ దానంతటదే జరుగుతుంది, ఫాక్స్‌ప్రో సెట్ కన్ఫర్మ్ ఆఫ్ మళ్ళీ పుట్టినట్టు. తేడా ఏమిటంటే ఇక్కడ బ్యాక్‌స్పేస్ కొడితే వెనక గడికి పోవడం, ఆరంకెలు ఒకేసారి పేస్ట్ చేస్తే అన్నిటిలో సర్దడం ప్రోగ్రామర్ విడిగా రాయాలి, చాలామంది రాయరు. ఆరంకెలు పట్టే ఒక్క గడి పెట్టి, దాని ఆటోకంప్లీట్‌లో వన్ టైమ్ కోడ్ అని చెబితే పేస్టూ పనిచేస్తుంది, బ్యాక్‌స్పేసూ పనిచేస్తుంది, ఫోన్ దానంతటదే నింపడానికీ వీలవుతుంది. ఆరు గడుల్లాగే కనిపించాలంటే స్టైల్‌తో గీతలు గీసుకోవచ్చు.

దొంగతనం కన్నా ఎక్కువ హాని ఫోకస్ తప్పిపోవడం వల్ల జరుగుతుంది. సబ్మిట్ నొక్కగానే రెండోసారి నొక్కకుండా ఆ బటన్‌ని డిసేబుల్ చేస్తారు. ఫోకస్ ఉన్నది దాని మీదే, ఇప్పుడది కీలు తీసుకోదు. డైలాగ్ మూసేస్తారు, ఫోకస్ ఉన్న కంట్రోల్ పేజీలోంచే పోతుంది, బ్రౌజర్ దాన్ని పేజీ మొదటికో ఎక్కడికో పంపుతుంది. చూపున్నవాళ్ళు మౌస్ అందుకుంటారు. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్ చదివేదాన్ని బట్టి నడుస్తారు, అది చదివేది ముఖ్యంగా ఫోకస్ ఉన్నచోటునే. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది, కానీ ఫోకస్ ఎక్కడుందో ప్రోగ్రామే పోగొట్టుకుంటే అది మాత్రం ఏం చదువుతుంది? సరిగ్గా డబ్బు కట్టే పేజీలో అది మూగబోతే ఆ మనిషికి ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఊహించుకోవచ్చు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ హక్కు రోజువారీ పనిలో నిలిచేది ఇలాంటి చిన్న చిన్న లైన్ల కోడ్ మీదే.

ఈ విషయంలో ట్యాలీ చేసే ఒక పని ప్రతి వెబ్ డెవలపరూ ఒకసారి చూడాలి. వోచర్ కొడుతూ ఉండగా కొత్త పార్టీ వస్తే, ఆ గడిలోనే ఆల్ట్ సీ నొక్కితే లెడ్జర్ తయారుచేసే తెర వస్తుంది. వివరాలు నింపి సేవ్ చేస్తే మళ్ళీ అదే వోచర్, అదే గడి, కొత్త పేరు అందులో పడి ఉంటుంది, తర్వాతి ఎంటర్ తర్వాతి గడికి పోతుంది. వెబ్‌లోనూ ఇది కష్టమేం కాదు. డైలాగ్ తెరిచేముందు ఫోకస్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం, తెరిచాక వెనక పేజీకి ట్యాబ్ పోకుండా ఆపడం, మూసేటప్పుడు ఫోకస్‌ని పాత చోటికి చేర్చడం. 2022 మార్చి నాటికి పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చేసిన డైలాగ్ ఎలిమెంట్‌ని షోమోడల్ అనే ఆదేశంతో తెరిస్తే వెనక పేజీలోని గడుల్లోకి ఫోకస్ పోదు, మూసినప్పుడు పాత చోటికి తిరిగొస్తుంది కూడా.

పాత చోటే లేకుండా పోయినప్పుడు మాత్రం ఆలోచించాలి. జాబితాలో ఐదో వరసని డిలీట్ చేస్తే, డిలీట్ బటన్ ఆ వరసతోపాటే పోతుంది. అప్పుడు ఫోకస్ ఇప్పుడు ఐదో స్థానంలోకి వచ్చిన వరసకి వెళ్ళాలి. తీసేసింది ఆఖరిదైతే దాని పైదానికి. జాబితా మొత్తం ఖాళీ అయితే "కొత్తది చేర్చు" బటన్‌కి. ఈ మూడో సందర్భాన్ని టెస్ట్ చెయ్యాలంటే మౌస్ కేబుల్ పీకేసి, ఒక్కొక్క వరసా తీసుకుంటూ చివరిది తీసేశాక ఒక ట్యాబ్ కొట్టి చూడటమే.